సైట్‌మ్యాప్‌లో తేదీ నిజం చెప్పాలి

వెబ్ సందేహాలు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

సైట్‌మ్యాప్ అంటే సైట్‌లో ఏయే పేజీలున్నాయో గూగుల్ లాంటి సెర్చ్ ఇంజిన్లకు చెప్పే జాబితా ఫైలు. అది దానంతటదే అప్‌డేట్ కావాలంటే దాన్ని తయారుచేసే స్క్రిప్ట్‌ను ఎప్పుడు నడపాలి, ఎలా నడపాలి అన్న ప్రశ్నలే ఈసారి ఎక్కువ వచ్చాయి. అందుకని ఈ శీర్షిక మొత్తం దానికే ఇచ్చేస్తున్నాను. మొదటి ఉత్తరానికి జవాబు పెద్దది. మిగతావన్నీ దాని మీదే ఆధారపడతాయి కాబట్టి దాన్ని మాత్రం దాటేయకండి.

ప్రశ్న: మొక్కల పెంపకం మీద నాకో సైట్ ఉంది. దాదాపు 4,000 పేజీలు. గంటకోసారి సైట్‌మ్యాప్ కొత్తగా తయారయ్యేలా క్రాన్ జాబ్ (సర్వర్ వేళకు దానంతటదే నడిపే పని) పెట్టాను. అయినా కొత్తగా రాసినవీ, దిద్దినవీ గూగుల్‌లో కనిపించడానికి రోజులు పడుతోంది. పది నిమిషాలకోసారి నడిపితే బాగుంటుందా మేడమ్? ఫైలూ, స్క్రిప్టూ జత చేస్తున్నాను.

జవాబు: పది నిమిషాలు కాదు, నిమిషానికోసారి నడిపినా లాభం ఉండదండి. చిక్కు షెడ్యూల్‌లో లేదు, ఫైలు లోపల ఉంది.

మీరు పంపిన ఫైలు తెరిచి లాస్ట్‌మాడ్ ట్యాగులు, అంటే ప్రతి పేజీ చివరిసారి ఎప్పుడు మారిందో చెప్పేవి, వరసగా చూసుకుంటూ వెళ్లాను. గులాబీ అంట్లు కట్టడం మీద రాసిన పేజీ, ఎరువుల పట్టిక, 'మమ్మల్ని సంప్రదించండి' పేజీ, అన్నిటికీ ఒకే తేదీ, ఒకే గంట, ఒకే నిమిషం. చివరికి సెకన్లు కూడా ఒకటే. మీ స్క్రిప్ట్ చూస్తే కారణం దొరికింది. పేజీ ఎప్పుడు మారిందో అది ఎక్కడా అడగడం లేదు. తాను నడిచిన సమయాన్నే అన్ని పేజీలకూ రాసేస్తోంది. గంట తర్వాత మళ్లీ అదే పని.

ఇప్పుడు అటువైపు నుంచి చూడండి. పేజీలు చదివి వెళ్లే గూగుల్ ప్రోగ్రాము, అంటే బాట్, వస్తుంది. 4,000 పేజీలు మారాయని మీ ఫైలు చెబుతుంది. కొన్ని తెరిచి చూస్తుంది, అక్షరం కూడా మారలేదు. మర్నాడూ అంతే. నాన్నా పులి కథలో లాగా, కొన్నాళ్లకు మీ తేదీని నమ్మడం మానేస్తుంది. ఇది నా ఊహ కాదు. లాస్ట్‌మాడ్ తేదీ ఎప్పుడూ సరిగ్గా ఉంటూ, పోల్చి చూస్తే నిలబడేదైతేనే వాడుకుంటామని గూగుల్ తన సూచనల్లో స్పష్టంగా రాసింది. మీరు నిజంగా ఒక పేజీని శ్రద్ధగా దిద్దిన రోజున కూడా ఆ కబురు దానికి చేరదు. మీ శ్రమ అంతా అలా వృథా కావడం నాకు బాధగా ఉంది, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

కాబట్టి షెడ్యూల్ ముట్టుకోకముందు తేదీ సంగతి తేల్చండి. డేటాబేస్‌లో 'అప్‌డేటెడ్ ఎట్' అనే కాలమ్ ఉంది కదా, అదే తీసుకుంటే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. మీ టేబుల్‌లో అదీ సరిపోదు. పేజీని ఎంతమంది చూశారన్న లెక్క కూడా మీరు టేబుల్‌లో ఆ పేజీ వరసలోనే దాస్తున్నారు. మీరు వాడే లాంటి ఫ్రేమ్‌వర్క్‌లు వరసలో ఏది మారినా ఆ కాలమ్‌ను మార్చేస్తాయి. అంటే ఎవరైనా వచ్చి పేజీ చదివి వెళ్తే చాలు, పేజీ 'మారినట్టే'. విషయం మారిన తేదీ కోసం వేరే కాలమ్ పెట్టండి. సేవ్ నొక్కినప్పుడు శీర్షిక, వ్యాసం, బొమ్మలు, లింకులు పాతవాటితో పోల్చి, తేడా ఉంటేనే ఆ తేదీ మార్చండి. పేజీ అడుగున ఉండే కాపీరైట్ సంవత్సరం మారడం మార్పు కిందికి రాదు. పక్క పట్టీలో 'తాజా వ్యాసాలు' జాబితా మారడం కూడా నా దృష్టిలో లెక్క కాదు.

పాత పేజీలకు అసలు తేదీ తెలియకపోతే? లాస్ట్‌మాడ్ రాయకుండా వదిలేయండి. అది తప్పనిసరి ట్యాగ్ కాదు. తప్పు తేదీ కన్నా ఖాళీ నయం.

ఆ ఫైలులోనే ఇంకో రెండు ట్యాగులున్నాయి: చేంజ్‌ఫ్రీక్, ప్రయారిటీ. ప్రతి పేజీ గంటగంటకూ మారుతుందనీ, ప్రతి పేజీకీ ప్రాముఖ్యం 1.0 అనీ రాసుకున్నారు. గూగుల్ ఈ రెంటినీ పట్టించుకోదు. తీసేయండి, ఫైలూ తేలికవుతుంది. స్క్రిప్ట్ చివర గూగుల్‌కు పింగ్ (ఫైలు మారిందన్న కబురు) పంపే వరుస కూడా తీసేయండి. సైట్‌మ్యాప్ పద్ధతిని గూగుల్ 2005లో మొదలుపెట్టింది, 2006లో యాహూ, మైక్రోసాఫ్ట్ కలిశాయి. ఆ కాలం నుంచీ ఫైలు మారిందని పింగ్ చేసే అలవాటు ఉండేది. బింగ్ 2022లో దాన్ని వదిలేసింది, 2023 జూన్‌లో గూగుల్ కూడా ఆపేస్తున్నట్టు ప్రకటించింది. ఇప్పుడు మీ స్క్రిప్ట్ గంటకోసారి మూసిన తలుపు కొడుతోంది. బాట్‌లకు సూచనలిచ్చే రోబోట్స్ ఫైలులో సైట్‌మ్యాప్ పూర్తి చిరునామా ఒక వరుసగా రాసి, సైట్ యజమానులకు గూగుల్ ఇచ్చే సెర్చ్ కన్సోల్‌లో ఒకసారి ఇస్తే చాలు. ఆ తర్వాత వాళ్లే వచ్చి చదువుకుంటారు.

ఇక షెడ్యూల్. నేనైతే గడియారాన్ని బట్టి కాక మార్పును బట్టి నడుపుతాను. పబ్లిష్ చేసినా, దిద్దినా, తీసేసినా 'మారింది' అని డేటాబేస్‌లో ఒక గుర్తు పెట్టండి. ఐదు నిమిషాలకోసారి లేచే చిన్న జాబ్ ఆ గుర్తును చూస్తుంది. లేకపోతే ఏమీ చేయకుండా పడుకుంటుంది, ఉంటే ముందు గుర్తు చెరిపేసి, ఆ తర్వాత సైట్‌మ్యాప్ కట్టడం మొదలుపెడుతుంది. ఈ వరస ముఖ్యం. కట్టాక చెరిపితే, కడుతున్న ఆ కాసేపట్లో మీరు చేసిన సేవ్ గుర్తు కూడా దాంతోపాటు చెరిగిపోతుంది. సేవ్ నొక్కిన ప్రతిసారీ నేరుగా కట్టేయొచ్చు కదా అంటారేమో. ఒక వ్యాసంలో అచ్చుతప్పులు దిద్దుతూ వరసగా సేవ్ నొక్కే రోజులు ఉంటాయి, అప్పుడు సర్వర్ ఊరికే అలిసిపోతుంది.

దీనికి తోడు రాత్రి ఒక్కసారి మొత్తం కట్టే జాబ్ ఉంచుకోండి. ఎవరైనా డేటాబేస్‌లో నేరుగా చేయి పెట్టి మార్చినవి, గుర్తు పడకుండా జారిపోయినవి అది పట్టుకుంటుంది. క్రాన్‌లో దాన్ని 0 2 * * * (సరిగ్గా రాత్రి రెండు) అని కాక 17 2 * * * (రెండు దాటి పదిహేడు నిమిషాలు) లాగా పెట్టమంటాను. సరిగ్గా గంట కొట్టేసరికి బ్యాకప్‌లూ, రిపోర్టులూ అన్నీ ఒకేసారి లేస్తాయి, వాటి మధ్య మీది ఎందుకు? కట్టిన ఫైలు పాతదానితో అక్షరం పొల్లుపోకుండా ఒకటే అయితే పాతదాన్ని అలాగే ఉంచండి.

ఒక్క మాట నిజాయితీగా చెప్పాలి. సైట్‌మ్యాప్ ఒక సూచన మాత్రమే, హామీ కాదు. తేదీలు సరిచేశాక కూడా నమ్మకం తిరిగి రావడానికి సమయం పడుతుంది. ఈలోగా కొత్త వ్యాసానికి మొదటి పేజీ నుంచీ, సంబంధం ఉన్న పాత వ్యాసాల నుంచీ లింకులు ఇవ్వండి. బాట్‌కు దారి చూపడంలో అవి సైట్‌మ్యాప్‌కు ఏమాత్రం తీసిపోవు.

ప్రశ్న: స్క్రిప్ట్‌ను టెర్మినల్‌లో నేను నడిపితే చక్కగా పనిచేస్తుంది. క్రాన్‌లో పెడితే ఫైలు మారదు, ఎర్రర్ కూడా రాదు. చాలా టెన్షన్‌గా ఉంది. తేదీ పేరుతో లాగ్ రాసే నా క్రాన్ వరుస కింద ఇస్తున్నాను.

జవాబు: టెన్షన్ పడకండి. ఎర్రర్ వస్తూనే ఉండొచ్చు, మీకు కనిపించని చోటికి పోతూ ఉంటుంది.

మీ వరుసలో నాకు మొదట కంటపడింది లాగ్ పేరులోని శాతం గుర్తు. తేదీని ఏ రూపంలో రాయాలో చెప్పడానికి % వాడారు. టెర్మినల్‌లో అది మామూలు అక్షరమే. క్రాన్‌టాబ్‌లో మాత్రం % అంటే 'ఇక్కడితో కమాండ్ అయిపోయింది' అని అర్థం, తర్వాత ఉన్నదంతా ఆ కమాండ్‌కు ఇన్‌పుట్‌గా పోతుంది. మీ కమాండ్ సగానికి తెగిపోతోంది. ప్రతి % ముందు ఒక బ్యాక్‌స్లాష్ పెట్టండి. ఇంకా మంచి పద్ధతి, ఆ తేదీ పనంతా స్క్రిప్ట్ లోపలికి మార్చేసి క్రాన్‌లో ఒక్క స్క్రిప్ట్ పేరే ఉంచడం.

అది సరిచేశాక కూడా మొండికేస్తే మీ హోమ్ ఫోల్డర్‌లో ఒకసారి వెతకండి. అక్కడ ఒక సైట్‌మ్యాప్ ఫైలు నిక్షేపంలా కూర్చుని ఉండొచ్చు. మీరు సైట్ ఫోల్డర్‌లోకి వెళ్లి నడుపుతారు, క్రాన్ మాత్రం హోమ్ ఫోల్డర్‌లో నిలబడి నడుపుతుంది. ఫైళ్లకు పూర్తి దారి ఇవ్వకపోతే అన్నీ అక్కడికే పోతాయి. ప్రోగ్రాముల సంగతీ అంతే. మీరు లాగిన్ అయినప్పుడు సిద్ధమయ్యే పాత్ (ప్రోగ్రాముల కోసం వెతికే ఫోల్డర్ల జాబితా) వగైరాలు క్రాన్‌కు ఉండవు, దాని పాత్ చాలా చిన్నది. నోడ్, పైథాన్ లాంటివి వేరే చోట ఇన్‌స్టాల్ చేసి ఉంటే వాటికి కూడా పూర్తి దారి రాయాల్సిందే.

మామూలు అవుట్‌పుట్, ఎర్రర్లు రెండూ ఒకే లాగ్ ఫైలులోకి వెళ్లేలా పెట్టండి. లేకపోతే క్రాన్ వాటిని సర్వర్ లోపలి మెయిల్‌బాక్స్‌కు పంపుతుంది, దాన్ని తెరిచేవాళ్లు అరుదు. సర్వర్ మీద సర్వాధికారాలున్న రూట్ యూజర్ క్రాన్‌లో మాత్రం పెట్టకండి. ఫైలు రూట్ పేరు మీద తయారవుతుంది, ఆ తర్వాత మీ సైట్ దాన్ని తిరగరాయలేక చేతులెత్తేస్తుంది. సర్వర్ గడియారం యూటీసీలో (అంతర్జాతీయ ప్రామాణిక సమయంలో) ఉందేమో కూడా చూసుకోండి, దాని లెక్కలో రాత్రి మీకు పగలు కావచ్చు.

ప్రశ్న: ఒకరోజు సెర్చ్ కన్సోల్‌లో సైట్‌మ్యాప్ చదవలేకపోయామని ఎర్రర్. తెరిస్తే ఫైలు సగంలో ఆగిపోయి ఉంది. ఇంకోరోజు ఫైలు బాగానే ఉంది కానీ ఒక్క లింకు లేదు. రెండూ రాత్రి జాబ్ తర్వాతే జరిగాయి. నా పేజీలు గూగుల్ నుంచి పోతాయా?

జవాబు: పోవు. సైట్‌మ్యాప్ నుంచి పేరు తప్పిపోయినంత మాత్రాన పేజీని గూగుల్ తన ఇండెక్స్ (పేజీల చిట్టా) నుంచి తీసేయదు. స్థిమితంగా చదవండి, ఎందుకంటే మీ రెండు సంఘటనలకూ కారణాలు వేరు.

సగం ఫైలు ఎందుకంటే, మీ జాబ్ అందరూ చదివే ఫైలులోకే నేరుగా రాస్తోంది. మధ్యలో డిస్క్ నిండినా, టైమ్‌అవుట్ అయినా సగమే మిగులుతుంది. ఏ తేడా జరగకపోయినా, రాస్తున్న ఆ కొద్ది క్షణాల్లో బాట్ వస్తే దానికి సగమే దొరుకుతుంది. అదే ఫోల్డర్‌లో తాత్కాలిక పేరుతో రాయండి. పూర్తయ్యాక అసలు పేరుకు మార్చండి. లినక్స్‌లో ఒకే డిస్క్ విభాగంలో పేరు మార్చడం ఒక్క దెబ్బలో జరిగిపోతుంది: చదివేవాళ్లకు పాతది పూర్తిగా దొరుకుతుంది లేదా కొత్తది పూర్తిగా దొరుకుతుంది, మధ్యరకం ఉండదు. అదే ఫోల్డర్ అని ఎందుకన్నానంటే, టెంప్ ఫోల్డర్ వేరే విభాగంలో ఉంటే అది పేరు మార్చడం కాదు, కాపీ చేయడం అవుతుంది. మళ్లీ మొదటికే వస్తారు.

ఖాళీ ఫైలుది వేరే కథ. ఆ రాత్రి డేటాబేస్ పలకలేదు. మీ స్క్రిప్ట్ దాన్ని 'పేజీలు సున్నా' అని అర్థం చేసుకుని, పద్ధతిగా ఖాళీ సైట్‌మ్యాప్ కట్టింది. కనెక్షన్ పోతే స్క్రిప్ట్ అక్కడే ఆగిపోవాలి. దానికి తోడు పేరు మార్చే ముందు కొన్ని పరీక్షలు పెట్టండి. ఎక్స్‌ఎంఎల్‌లింట్ అనే చిన్న ప్రోగ్రాముతో ఫైలు నిర్మాణం సరిగ్గా ఉందా? పాత ఫైలుతో పోలిస్తే లింకులు పదో వంతు కన్నా ఎక్కువ తగ్గాయా? తగ్గితే ఫైలు మార్చకుండా మీకు మెయిల్ పంపాలి. నిజంగానే అంత ఎక్కువగా పేజీలు తీసేసి ఉంటే ఆ సంగతి మీకు తెలుస్తుంది, అప్పుడు మీరే చేత్తో నడిపి ఒప్పుకోవచ్చు. కొన్ని లింకుల్ని నిజంగా తెరిచి చూసే పరీక్ష కూడా నాకు ఇష్టం: 'పేజీ దొరికింది' అనే 200 జవాబు రావాలి, వేరే చిరునామాకు మళ్లించకూడదు, పేజీలో 'సెర్చ్‌లో చూపొద్దు' అనే నోఇండెక్స్ ఉండకూడదు. చిరునామాలో & గుర్తు ఉంటే దాన్ని ఎక్స్‌ఎంఎల్ పద్ధతిలో మార్చి రాయకపోతే ఫైలు మొత్తం చెడుతుంది. తెలుగు అక్షరాలున్న చిరునామాలను శాతం గుర్తుల రూపంలోకి మార్చి రాయాలి.

ఇంకొకటుంది, దీన్ని ఎక్కువమంది మరిచిపోతారు. జాబ్ నడిచి విఫలమైతే ఎర్రర్ వస్తుంది. అసలు నడవకపోతే? సర్వర్ మార్చినప్పుడు క్రాన్‌టాబ్ పాత మెషిన్‌లోనే ఉండిపోతే ఎవరూ అరవరు. అందుకని జాబ్ విజయవంతంగా ముగిసిన ప్రతిసారీ ఒక చిన్న గుర్తు ఫైలు తేదీ మార్చండి. ఆ తేదీ 26 గంటలు దాటితే మెయిల్ వచ్చేలా వేరే చోట నుంచి చూడండి, అదే సర్వర్‌లో నుంచి మాత్రం వద్దు. సైట్‌మ్యాప్ ఫైలు వయసునే చూస్తే చాలదా అంటే చాలదు. మార్పు లేనిరోజు ఆ ఫైలును అలాగే వదిలేయమని పైన చెప్పాను కదా.

ప్రశ్న: నాది వర్డ్‌ప్రెస్ సైట్. సైట్‌మ్యాప్‌ను షెడ్యూల్ చేసే ప్లగిన్ ఏది మంచిది?

జవాబు: ఏదీ వద్దు. 2020 ఆగస్టులో వచ్చిన 5.5 నుంచి వర్డ్‌ప్రెస్‌లోనే సైట్‌మ్యాప్ ఉంది. అడిగినప్పుడల్లా అప్పటికప్పుడు తయారవుతుంది కాబట్టి షెడ్యూల్ అవసరమే లేదు. 6.5 నుంచి లాస్ట్‌మాడ్ కూడా ఇస్తోంది. ఎస్ఈఓ (సెర్చ్‌లో బాగా కనిపించేందుకు తోడ్పడే) ప్లగిన్ వాడుతుంటే దాని సైట్‌మ్యాప్ ఒక్కటే ఉంచండి, రెండు వద్దు. పేజీల నకళ్లు దాచి చూపే క్యాష్ ప్లగిన్ ఉంటే సైట్‌మ్యాప్ చిరునామాను దాని నుంచి మినహాయించండి.

షెడ్యూల్ విషయంలో మీరు చూడాల్సింది వేరే ఉంది. ముందే తేదీ పెట్టి ఉంచిన వ్యాసాలను పబ్లిష్ చేసే వర్డ్‌ప్రెస్ క్రాన్, ఎవరైనా సైట్‌కు వస్తేనే మేల్కొంటుంది. రద్దీ లేని సైట్‌లో ఉదయం ఆరింటి వ్యాసం తొమ్మిదింటికి బయటికి రావచ్చు. కాన్ఫిగ్ ఫైలులో దాన్ని ఆపేసి, సర్వర్ క్రాన్ నుంచి ఐదు నిమిషాలకోసారి పిలవండి.

ప్రశ్న: నా స్టాటిక్ సైట్ (పేజీలన్నీ ముందే కట్టి ఉంచేది) గిట్‌లో (ఫైళ్ల మార్పుల చరిత్ర దాచే ప్రోగ్రాములో) ఉంది. పుష్ చేయగానే బిల్డ్ సర్వర్ సైట్ కట్టి పెడుతుంది. ఫైలు మారిన తేదీనే లాస్ట్‌మాడ్‌గా తీసుకుంటున్నాను. నా కంప్యూటర్‌లో సరిగ్గా వస్తుంది, సైట్‌లో మాత్రం అన్ని పేజీలకూ ఈరోజు తేదీయే.

జవాబు: గిట్ ఫైళ్ల తేదీలను దాచదండి. బిల్డ్ సర్వర్ కొత్తగా క్లోన్ చేసుకున్నప్పుడు (నకలు దించుకున్నప్పుడు) ప్రతి ఫైలుకూ ఆ క్షణమే పుట్టిన తేదీ. ఫైలు తేదీకి బదులు, ఆ ఫైలును చివరిసారి తాకిన కమిట్ (గిట్‌లో నమోదు చేసిన మార్పు) తేదీని గిట్ లాగ్ నుంచి అడగండి. అలా చేసినా ఒకే తేదీ వస్తే బిల్డ్ సెట్టింగుల్లో క్లోన్ లోతు చూడండి. వేగం కోసం చివరి కమిట్ ఒక్కటే దించుకునే అలవాటు చాలా సర్వీసులకు ఉంది. చరిత్ర లేనిచోట అన్ని ఫైళ్లూ ఆ ఒక్క కమిట్‌లోనే పుట్టినట్టు కనిపిస్తాయి. పూర్తి చరిత్ర దించుకోమని పెట్టండి, బిల్డ్ కాస్త నెమ్మదించినా పర్వాలేదు. అన్ని ఫైళ్లలో ఖాళీలు సర్దడం లాంటి మూకుమ్మడి కమిట్లు కూడా తేదీలను పాడు చేస్తాయి. మీరు రాసేవి వ్యాసాలైతే, ప్రతి ఫైలు పైభాగంలో 'మార్చిన తేదీ' మీరే రాసుకోవడం అన్నిటికన్నా నమ్మకమైన దారి.

ప్రశ్న: మా సైట్‌లో 1,80,000 పేజీలున్నాయి. కొత్తవి ముందు వచ్చేలా సర్ది, 50,000 చొప్పున నాలుగు ఫైళ్లు చేశాం. ఒక్క పేజీ చేరినా నాలుగూ మారిపోతున్నాయి. ఇలా ఉండొచ్చా?

జవాబు: ఉండకూడదు. నిబంధన ప్రకారం ఒక ఫైలులో 50,000 లింకులు, కుదించకముందు 50 ఎంబీ, ఇవే గరిష్ఠ హద్దులు. మీరు హద్దు లోపలే ఉన్నారు, సర్దిన తీరే తప్పు. కొత్తది పైన చేరగానే ప్రతి ఫైలు చివరి లింకు కింది ఫైలులోకి జారుతుంది. పేజీ ఐడీని బట్టి విడగొట్టండి: 1 నుంచి 20,000 ఒక ఫైలు, 20,001 నుంచి 40,000 ఇంకొకటి, అలా. అప్పుడు కొత్త పేజీ చివరి ఫైలులోనే చేరుతుంది, మిగతావి కదలవు. వాటన్నిటినీ చూపే ఇండెక్స్ ఫైలులో ప్రతి ఫైలుకూ దాని లాస్ట్‌మాడ్ రాయండి. ఏది తెరవాలో, ఏది వదిలేయాలో బాట్‌కు అక్కడే తెలుస్తుంది. మీ జాబ్ కూడా మారిన భాగాన్నే కడుతుంది కాబట్టి డేటాబేస్‌కు ఊపిరి ఆడుతుంది.

ప్రశ్న: ఇండెక్స్‌నౌ పెట్టుకుంటే సైట్‌మ్యాప్ మానేయొచ్చా?

జవాబు: మానేయకండి. ఇండెక్స్‌నౌ 2021లో బింగ్, యాండెక్స్ కలిసి తెచ్చిన పద్ధతి. గూగుల్ అందులో లేదు. ఫలానా చిరునామా మారిందని మీరే కబురు పంపుతారు, ఒకేసారి 10,000 దాకా పంపొచ్చు, తీసేసిన పేజీల సంగతి కూడా చెప్పొచ్చు. మొదటి జవాబులో చెప్పిన 'మారింది' గుర్తు ఉంటే దీన్ని తగిలించడం చిన్న పని: ఆ జాబ్ సైట్‌మ్యాప్ కట్టాక, మారిన చిరునామాలను మాత్రమే పంపాలి, అన్నీ కాదు. సైట్ మీదేనని నిరూపించడానికి ఒక కీ ఫైలు సైట్‌లో పెట్టాల్సి ఉంటుంది. కొత్త వెర్షన్ పెట్టిన ప్రతిసారీ పాత ఫైళ్లన్నీ తుడిచేసే ఏర్పాటు మీకుంటే, ఆ కీ ఫైలును కూడా కోడ్‌తోపాటే ఉంచండి, లేకపోతే అదీ తుడిచిపెట్టుకుపోతుంది.